బరువు తగ్గే ఇంజెక్షన్, షుగర్ మందు వాడుతుంటే జుట్టు ఊడుతోందా? మందు ఆపకుండా ఏం చేయాలంటే

అందరూ అడిగేది ఇంచుమించు ఇదే. సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ లాంటి ఇంజెక్షన్ మొదలుపెట్టి మూడు నాలుగు నెలలైంది, బరువు బాగానే తగ్గుతోంది, షుగర్ కూడా దారికొచ్చింది, కానీ తలస్నానం చేస్తే చేతి నిండా జుట్టు వస్తోంది, ఇప్పుడు మందు ఆపేయాలా? సూటిగా చెప్తున్నా, చాలామందికి ఆపాల్సిన పని రాదు, మీ అంతట మీరైతే అస్సలు ఆపొద్దు, ఎందుకంటే ఇవాళ ఆపినా రేపు ఊడే జుట్టు ఆగదు.

ఎందుకు ఆగదో ఒక్క పేరాలో చెప్పి పనిలోకి వెళ్దాం. తల మీద వెంట్రుకల్లో 85 నుంచి 90 శాతం పెరిగే దశలో ఉంటాయి, మిగతావి రెస్ట్‌లో ఉంటాయి. ఒంటికి పెద్ద కుదుపు తగిలినప్పుడు, అంటే ఒక్కసారిగా తిండి తగ్గిపోవడం, కిలోలు గబగబా పడిపోవడం, గట్టి జ్వరం, ఆపరేషన్, కాన్పు లాంటివి జరిగినప్పుడు, పెరగాల్సిన వెంట్రుకలు బోలెడు ఒకేసారి రెస్ట్‌లోకి వెళ్ళిపోతాయి. రెస్ట్ రెండు మూడు నెలలు ఉంటుంది, అది అయ్యాక అన్నీ కలిసి రాలతాయి. డాక్టర్లు దీన్ని టెలోజెన్ ఎఫ్లూవియం అంటారు. ఇది కరెంటు బిల్లు లాంటిది, ఈ నెల చేతికొచ్చింది ఎప్పుడో వాడేసినదానికి. కుదురు మాత్రం చావదు, అందుకే ఇది తాత్కాలికం.

మందు ఏ పాటి దోషి అంటారా? సెమాగ్లూటైడ్ బరువు డోసు, అంటే వెగోవీ, దాని ట్రయల్స్‌లో పెద్దవాళ్ళలో జుట్టు ఊడుతోందని చెప్పినవాళ్ళు 3 శాతం, పోలిక కోసం మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళలో 1 శాతం. టిర్జెపటైడ్, అంటే జెప్‌బౌండ్, దాంట్లో ఆడవాళ్ళకి 7.1 శాతం, ఉత్తుత్తి గ్రూపులో 1.3 శాతం, మగవాళ్ళలో అయితే 0.5 శాతమే. అది కూడా బరువు తగ్గడంతో ముడిపడిందనే మందు కాగితంలో రాశారు, మందు నేరుగా కుదురుని దెబ్బతీస్తుందని కాదు. బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకీ, ఏ మందూ లేకుండా కడుపు మాడ్చుకుని తగ్గినవాళ్ళకీ సరిగ్గా ఇలాగే ఊడుతుంది.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- మందు మొదలుపెట్టిన తేదీ, డోసు పెంచిన ప్రతి తేదీ
- నెలనెలా మీ బరువు (గుర్తున్నంతవరకు చాలు)
- గత ఆరు నెలల రక్త పరీక్ష రిపోర్టులు
- వాడుతున్న అన్ని మందులు, విటమిన్ బిళ్ళలు, పౌడర్ల లిస్టు, "అది మందు కాదులే" అనుకున్నవి కూడా
- జుట్టు రంగుకి ఎదురు రంగు గుడ్డ ఒకటి (నల్ల జుట్టుకి తెల్లది), వెడల్పు పళ్ళ దువ్వెన, కుట్టుపని టేపు, ఫోన్ కెమెరా

1. ఊడుతోందా, తెగుతోందా చూడండి

చాలామంది ఈ స్టెప్ దాటేసి నేరుగా బిళ్ళలు కొనేస్తారు. రాలిన వెంట్రుకలు ఓ పది ఏరి గుడ్డ మీద పరిచి ఫోన్ కెమెరా జూమ్ చేసి రెండు చివర్లూ చూడండి. ఒక చివర ఆవగింజలో పదో వంతు ఉండే తెల్లటి చిన్న బుడిపె కనిపిస్తే అది కుదురు నుంచి ఊడింది. అది చూసి "అయ్యో వేరుతో సహా వచ్చేసింది" అని భయపడతారు గానీ నిజానికి అది మంచి గుర్తే, రెస్ట్ అయిపోయిన వెంట్రుక అలాగే రాలుతుంది, అసలు కుదురు లోపలే ఉంటుంది. బుడిపె లేకుండా పొట్టి పొట్టి ముక్కలు, చివర చీలికలు ఉంటే అది తెగడం, దానికి కారణం స్ట్రెయిటనింగ్, బ్లీచ్, గట్టి రబ్బరు బ్యాండ్లు, ఇక్కడ చెప్పే తిండి సంగతులు దానికి అంతగా పనిచేయవు.

2. తేదీలు కలిపి చూడండి

ఊడటం బాగా పెరిగిన వారం రాసుకుని అక్కడి నుంచి రెండు మూడు నెలలు వెనక్కి వెళ్ళండి. అక్కడ మందు మొదలైందా, డోసు పెరిగిందా, వాంతులతో వారం రోజులు ఏమీ తినలేకపోయారా, జ్వరం వచ్చిందా? చాలామందికి ఏదో ఒకటి దొరుకుతుంది. మందు మొదలుపెట్టిన వారానికే ఊడటం మొదలైతే కారణం మందు అయ్యే అవకాశం తక్కువ, అంతకుముందు ఏం జరిగిందో చూడండి. ఆ ముందున్న అధిక షుగర్, లేదా ఇంకేదైనా జబ్బు కూడా కావచ్చు.

ఆడవాళ్ళు ఇంకో తేదీ కూడా చూడాలి. టిర్జెపటైడ్ వాడేటప్పుడు గర్భనిరోధక బిళ్ళ సరిగా పనిచేయకపోవచ్చని, మొదలుపెట్టాక నాలుగు వారాలు, డోసు పెంచిన ప్రతిసారీ ఇంకో నాలుగు వారాలు వేరే పద్ధతి కలపమని లేదా మార్చమని చెప్తారు. అలా కొంతమంది ఆ బిళ్ళ మానేస్తారు. హార్మోన్ బిళ్ళ మానేసినా రెండు మూడు నెలలకి జుట్టు ఊడొచ్చు, ఆ నింద మాత్రం ఇంజెక్షన్ మీద పడుతుంది.

3. ఎంత ఊడుతోందో కొలవండి

రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. కానీ ఇంట్లో నేల మీద, దిండు మీద, బాత్రూం జాలీలో ఏరుకుంటూ లెక్కపెట్టడం మొదలుపెడితే మనిషికి పిచ్చెక్కుతుంది, ఆ పని వద్దు. వారానికి ఒక్కసారి, తలస్నానానికి ముందు, ఎదురు రంగు గుడ్డ మీదకి వంగి నడినెత్తి నుంచి ముందుకి సరిగ్గా 60 సెకన్లు దువ్వండి, గుడ్డ మీదా దువ్వెనలోనూ పడినవి లెక్కపెట్టి రాసుకోండి. అదే దువ్వెన, తలస్నానానికి మధ్య అదే గ్యాప్ ఉండాలి. మీ నంబర్ పక్కింటివాళ్ళ నంబర్‌తో పోల్చొద్దు, జుట్టు పొడుగు, ఒత్తు బట్టి మారుతుంది. మీ పోయిన నెల నంబర్‌తోనే పోల్చుకోండి.

ఇంకోటి, తలస్నానం చేసి ఒక రోజు గడిచాక 50, 60 వెంట్రుకల పాయని మూడు వేళ్ళతో కుదురు దగ్గర పట్టుకుని చివరిదాకా మెల్లగా లాగండి, పీకొద్దు. ముందు, వెనక, రెండు పక్కలా చేయండి. ప్రతిచోటా అయిదారుకి మించి చేతిలోకి వస్తుంటే ఊడటం ఇంకా జోరుగానే ఉన్నట్టు.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు ఏంటంటే ఊడుతోందని భయపడి వారం పది రోజులు తలకి నీళ్ళే పోయరు. తలస్నానం వెంట్రుకని ఊడగొట్టదు, అప్పటికే ఊడి లోపల చిక్కుకున్నదాన్ని బయటికి తెస్తుంది అంతే. ఆపేస్తే పది రోజుల సరుకు ఒక్కసారి వచ్చి ఇంకా ఎక్కువ భయపెడుతుంది.

4. ఇది వేరే రకం కాదని నిర్ధారించుకోండి

తాత్కాలిక రకంలో తలంతా సమానంగా పలచబడుతుంది, మాడు చూడటానికి మామూలుగానే ఉంటుంది. కింద చెప్పినవాటిలో ఏదైనా ఉంటే ఈ గైడ్ పక్కన పెట్టి చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

- రూపాయి బిళ్ళంత నున్నటి గుండ్రటి ఖాళీలు
- మాడు ఎర్రబడటం, మంట, నొప్పి, చీము, దట్టమైన పొట్టు
- కనుబొమలు, కనురెప్పల వెంట్రుకలు కూడా పోవడం
- పాపిడి మాత్రమే వెడల్పవుతూ పోవడం, మగవాళ్ళకి కణతల దగ్గర, నడినెత్తిన మాత్రమే వెనక్కి పోవడం
- ఆరు నెలలు దాటినా ఊడటం తగ్గకపోవడం

నాలుగోదాని గురించి కాస్త చెప్పాలి. వంశపారంపర్యంగా వచ్చే పలచబడటం చాలామందిలో ఏళ్ళ తరబడి నెమ్మదిగా నడుస్తూ ఉంటుంది, ఒత్తు జుట్టు కింద కనపడదు. ఈ తాత్కాలిక ఊడటం వచ్చి పైకప్పు తీసేసేసరికి అది బయటపడుతుంది. పీసీఓఎస్ (ఆడవాళ్ళలో వచ్చే ఒక హార్మోన్ సమస్య) ఉన్నవాళ్ళకి ఇది మరీ ఎక్కువ. అప్పుడు తాత్కాలికం దానంతటది సర్దుకున్నా పాతది ఉండిపోతుంది, దానికి విడిగా ట్రీట్‌మెంట్ కావాలి, ముందే పట్టుకుంటే మంచిది.

5. రక్త పరీక్షలు, అవసరమైనవే

డాక్టర్‌ని అడిగి ఇవి చేయించండి: సీబీసీ (రక్త కణాల లెక్క), ఫెర్రిటిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ టెస్టు), విటమిన్ బి12, విటమిన్ డి, షుగర్ ఉన్నవాళ్ళు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్). పేరు తెలియని నలభై ఐటమ్స్ ఉన్న హెయిర్ ప్యాకేజీ అక్కర్లేదు.

ఫెర్రిటిన్ అంటే ఒంట్లో దాచుకున్న ఐరన్. హిమోగ్లోబిన్ నార్మల్ వచ్చింది కదా అని చాలామంది దీన్ని వదిలేస్తారు, కానీ రక్తం తగ్గకముందే దాచుకున్నది ఖాళీ అవుతుంది. 30 కంటే తక్కువ ఉంటే సాధారణంగా ఐరన్ లోటు కిందే చూస్తారు. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు చేయిస్తే మాత్రం ఇది ఉన్నదానికంటే ఎక్కువ చూపించి మోసం చేస్తుంది.

మెట్‌ఫార్మిన్ అనే షుగర్ బిళ్ళ ఏళ్ళుగా వాడుతున్నవాళ్ళు బి12 తప్పకుండా చూపించుకోండి, ఆ మందు బి12 ఒంటికి పట్టడాన్ని తగ్గిస్తుంది. అరికాళ్ళలో తిమ్మిర్లు కూడా ఉంటే ఇది షుగర్ వల్లేలే అని ఊరుకోవద్దు, బి12 తగ్గినా అలాగే ఉంటుంది.

థైరాయిడ్ బిళ్ళ వాడేవాళ్ళకి ఇది ముఖ్యం. బరువు బాగా తగ్గాక పాత డోసు ఎక్కువైపోవచ్చు. సెమాగ్లూటైడ్ బిళ్ళ రూపంలో, అంటే రైబెల్సస్, వాడితే థైరాయిడ్ మందు ఒంటికి ఇంకా ఎక్కువగా పడుతుంది, కలిపి ఇచ్చి చూసినప్పుడు 33 శాతం పెరిగింది. థైరాయిడ్ తక్కువైనా జుట్టు ఊడుతుంది, ఎక్కువైనా ఊడుతుంది, కాబట్టి టీఎస్‌హెచ్ మళ్ళీ చేయించి డోసు సరిచేయించుకోండి.

హెచ్చరిక: బయోటిన్ (జుట్టుకని అమ్మే ఒక బి విటమిన్) బిళ్ళలు వేసుకుంటుంటే టెస్టుకి కనీసం రెండు మూడు రోజుల ముందు ఆపి, ల్యాబ్‌లోనూ డాక్టర్‌కీ చెప్పండి. ఎక్కువ డోసు బయోటిన్ కొన్ని టెస్టుల్ని తప్పు చూపిస్తుంది, థైరాయిడ్ సమస్య లేకపోయినా థైరాయిడ్ ఎక్కువ ఉన్నట్టు రావొచ్చు. గుండెపోటు కనిపెట్టే ట్రోపోనిన్ టెస్టు కూడా తప్పుగా తక్కువ రావొచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది.

6. ప్రోటీన్ లెక్క సరిచేయండి

నన్నడిగితే అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చే స్టెప్ ఇదే, అందరూ "నేను బాగానే తింటున్నా" అనేసే స్టెప్ కూడా ఇదే. ఈ మందుల పనే ఆకలి చంపడం, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతుంది, ఆ నాలుగు ముద్దలూ అన్నమో బ్రెడ్డో అయితే ప్రోటీన్‌కి చోటే ఉండదు.

బరువు తగ్గేటప్పుడు కిలోకి రోజుకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ అనేది సాధారణంగా చెప్పే లెక్క. 70 కిలోలు అంటే 84 నుంచి 105 గ్రాములు. బరువు మరీ ఎక్కువ ఉన్నవాళ్ళు ఇప్పటి బరువుకి కాకుండా చేరాలనుకున్న బరువుకి లెక్క వేసుకోవచ్చు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే టెస్టు) ఎక్కువ ఉన్నవాళ్ళు ఈ లెక్క పాటించొద్దు, డాక్టర్ చెప్పినంతే. షుగర్ ఉన్నవాళ్ళలో కిడ్నీ సమస్య మామూలే కాబట్టి తెలియకపోతే ముందు టెస్టు చేయించుకోండి.

అంచనాకి: ఒక గుడ్డు 6 గ్రాములు, వండిన చికెన్ 100 గ్రాములకి దాదాపు 30, ఒక గ్లాసు పాలు 8, గట్టిగా ఉడికిన పప్పు ఒక పెద్ద కప్పు 15 నుంచి 18. పప్పు నీళ్ళగా ఉంటే అందులో సగం కూడా ఉండదు, ఇక్కడే చాలామంది లెక్క తప్పుతుంది. మూడు రోజులు తిన్నదంతా రాయండి, కూడండి, వచ్చిన నంబర్ చూసి మీకే ఆశ్చర్యం వేస్తుంది.

పట్టడం లేదా? కంచంలో ప్రోటీన్‌ది ముందు తినండి, మిగతాది తర్వాత. మూడు పెద్ద భోజనాల బదులు అయిదారు చిన్నవి. ఇంజెక్షన్ వేసుకున్న మర్నాడు వికారంగా ఉంటే ఆ రోజు పాలు, పెరుగు, ప్రోటీన్ డ్రింక్ లాంటి తాగేవాటితో నెట్టుకురండి. ఇన్సులిన్ లేదా షుగర్ బాగా పడేసే బిళ్ళలు కూడా వాడుతుంటే తిండి మార్చే ముందు డాక్టర్‌కి చెప్పండి, లో షుగర్ అయ్యే ప్రమాదం ఉంటుంది.

7. తగ్గే స్పీడు గురించి డాక్టర్‌తో మాట్లాడండి

వారానికి అర కిలో నుంచి కిలో దాకా తగ్గడం సరిపోతుంది. నెలల తరబడి అంతకంటే చాలా వేగంగా పడిపోతుంటే, లేదా వాంతులతో తిండే పోవట్లేదంటే, డోసు ఇంకా పెంచాలా, ఉన్నదగ్గరే ఇంకో నెల రెండు నెలలు ఉండొచ్చా అని అడగండి. షెడ్యూల్‌లో రాసుంది కదా అని ప్రతి నెలా పెంచుకుంటూ పోవాల్సిన రూలేం లేదు, తగ్గించడం కూడా చేస్తారు.

మీరే ఆపేస్తే ఏమవుతుందంటే షుగర్ మళ్ళీ ఎక్కుతుంది, పోయిన బరువు చాలామందికి తిరిగొస్తుంది, ఊడటం మాత్రం ఎలాగూ ఇంకో రెండు మూడు నెలలు ఉంటుంది. పైగా కొన్ని డోసులు మానేసి మళ్ళీ పాత పెద్ద డోసుతో మొదలుపెడితే వాంతులు పట్టుకుంటాయి, చాలాసార్లు చిన్న డోసు నుంచి మళ్ళీ ఎక్కాల్సి వస్తుంది. ఒక వారం వేసుకుని ఒక వారం మానేయడం లాంటి సొంత ప్రయోగాలూ వద్దు.

8. బిళ్ళలు: లోటు ఉన్నవే

రిపోర్టులో ఏది తక్కువ వచ్చిందో అదే. ఐరన్ వేసుకుంటే టీ, కాఫీ, కాల్షియం బిళ్ళలతో కలపొద్దు, థైరాయిడ్ బిళ్ళకి ఐరన్‌కి మధ్య నాలుగు గంటల గ్యాప్ ఉంచండి. ఈ ఇంజెక్షన్లతో అసలే మలబద్ధకం ఉంటుంది, ఐరన్ దాన్ని పెంచుతుంది, కాబట్టి ఇబ్బందైతే రోజు మార్చి రోజు వేసుకోవచ్చా అని అడగండి.

బయోటిన్ లోటు చాలా అరుదు, లోటు లేనివాళ్ళకి అది చేసేది పెద్దగా ఏమీ లేదు. విటమిన్ ఎ, సెలీనియం ఎక్కువైతే జుట్టు ఇంకా ఊడుతుంది, జింక్ నెలల తరబడి ఎక్కువ డోసులో వాడితే రాగి లోటు వస్తుంది. హెయిర్ గమ్మీలు, మల్టీవిటమిన్, ఇంకో స్కిన్ క్యాప్సూల్ మూడూ కలిపి వేసుకునేవాళ్ళు మూడు డబ్బాల వెనక లేబుల్స్ పక్కపక్కన పెట్టి చదవండి, అదే పదార్థం మూడుసార్లు కనిపిస్తుంది.

9. తలకి పైపైన ఏం చేయాలి

తక్కువే. బిగుతు జడలు, గట్టి పోనీటెయిల్ తగ్గించండి, తడి జుట్టు దువ్వొద్దు, వేడి సామాన్లు కొన్ని నెలలు పక్కన పెట్టండి. నూనె రాస్తే వెంట్రుక మెత్తబడి తెగడం తగ్గుతుంది, కుదురు రెస్ట్‌లోంచి లేవదు. గుండు చేయించుకుంటే ఒత్తుగా వస్తుందనేది నిజం కాదు, లోపలి కుదుళ్ళ సంఖ్య మారదు. పలచగా కనిపించడం ఇబ్బందైతే జుట్టు కొంచెం పొట్టిగా కత్తిరించుకోవడం అన్నిటికంటే తేలిక, పొట్టి జుట్టు ఒత్తుగా కనిపిస్తుంది, రాలినా అంత కళ్ళలో పడదు.

జుట్టు మొలవడానికి తలకి రాసే మందు మినాక్సిడిల్ రాయాలా అని అడుగుతారు. తాత్కాలిక రకానికి అది తప్పనిసరి కాదు, కారణం పోతే దానంతటదే వస్తుంది. నాలుగో స్టెప్‌లో చెప్పిన వంశపారంపర్య రకం కూడా ఉంటే డాక్టర్ రాస్తారు. మొదలుపెట్టిన మొదటి కొన్ని వారాల్లో ఊడటం ఇంకా పెరగొచ్చు, అది తెలియక చాలామంది అక్కడే మానేస్తారు. గర్భంతో ఉన్నవాళ్ళు, పాలిచ్చేవాళ్ళు వాడొద్దు. ఇంట్లో పిల్లి ఉంటే చాలా జాగ్రత్త, అది నాకితే ప్రాణం మీదకి వస్తుంది.

10. పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది

నెలకి ఒకసారి, అదే కిటికీ దగ్గర, అదే టైంకి, పొడి జుట్టుతో మూడు ఫోటోలు తీయండి: పైనుంచి పాపిడి, రెండు కణతలు. జుట్టు పొడుగ్గా ఉంటే పోనీటెయిల్ కట్టి దాని చుట్టుకొలత టేపుతో కొలిచి రాయండి. రోజూ అద్దంలో చూసుకుంటే ఏమీ తెలియదు, లైటు మారితేనే తల సగం పలచగా కనిపిస్తుంది.

మార్పులు ఈ వరసలో వస్తాయి. తిండి, లోట్లు సరిచేసిన మొదటి రెండు మూడు నెలలు పెద్ద తేడా ఉండదు, ఇక్కడే జనం ఇది పనిచేయట్లేదని ఇంకోటి మొదలుపెడతారు, అలా మార్చుకుంటూ పోతే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. తర్వాత 60 సెకన్ల లెక్క తగ్గుతుంది. ఆ తర్వాత నుదుటి అంచున, పాపిడి పక్కన నిలబడి ఉండే పొట్టి వెంట్రుకలు కనిపిస్తాయి, వాటి చివర్లు సన్నగా మొనదేలి ఉంటే కొత్తగా మొలిచినవి, మొద్దుగా ఉంటే తెగినవి. జుట్టు నెలకి ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి మొలిచిన మూడు నెలలకి మూడు సెంటీమీటర్లే. పోనీటెయిల్ లావు చివర్న మారుతుంది, పూర్తిగా పాత ఒత్తు రావడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పట్టొచ్చు. బరువు ఇంకా వేగంగా తగ్గుతూనే ఉంటే ఈ లెక్క వెనక్కి జరుగుతుంది.

ఆరు నెలలకీ 60 సెకన్ల నంబర్ తగ్గకపోతే ఈ నోట్సూ ఫోటోలూ రిపోర్టులూ అన్నీ తీసుకుని చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. "జుట్టు బాగా ఊడుతోందండీ" అని ఊరికే చెప్పడం కన్నా "ఫలానా తేదీన డోసు పెరిగింది, పదో వారంలో ఊడటం మొదలైంది, ఫెర్రిటిన్ ఇంత, ప్రోటీన్ రోజుకి ఇంత" అంటే ఆయనకి పావుగంట మిగులుతుంది, మీకు అక్కర్లేని టెస్టులు తప్పుతాయి. ఇంజెక్షన్ రాసిన డాక్టర్‌కి కూడా ఒక కాపీ పంపండి, డోసు సంగతి తేల్చేది ఆయనే.